రాబడి వేరు, ఆదాయము వేరు

ఉగాది నాడు తెలుగువారి యిండ్లలోను, దేవాలయములలోను పంచాంగ శ్రవణము జరుగును. సిద్ధాంతిగారు ఒక్కొక్క రాశివారికి ఆ సంవత్సరమున కలుగు ఆదాయ వ్యయములను అంకెలలో చదివి వినిపింతురు. ఆదాయము ఎనిమిది, వ్యయము రెండు అని విన్నవారు సంతోషింతురు. ఆదాయము రెండు, వ్యయము పదునొకటి అని విన్నవారు నిట్టూర్తురు. ఆ అంకెల మాట యెట్లున్నను, ఆదాయమును వ్యయమును ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెనను బుద్ధి మన పెద్దలకు చిరకాలము నుండి కలదని దీనివలన తెలియుచున్నది.

అయితే ఆదాయమనగా నేమి? చేతికి వచ్చిన సొమ్మే ఆదాయమని పలువురు తలంతురు. ఈ తలంపు సగము మాత్రమే సరియైనది. చేతికి వచ్చిన సొమ్మునకు రాబడి యని పేరు పెట్టుకొందము. ఆ రాబడిని సంపాదించుటకై చేసిన ఖర్చులు పోగా మిగిలినదే ఆదాయము. చేతికి వచ్చిన ప్రతి రూపాయియు ఆదాయము కాదు. చేతికి రూపాయి రానంత మాత్రమున ఆదాయము లేదనుటకును వీలు లేదు. ఈ భేదమును తెలియనివాడు నష్టములో నుండియు లాభములో నున్నానని భ్రమించును. తెలిసినవాడు తన కష్టమునకు తగిన ఫలము దక్కుచున్నదో లేదో తానే తేల్చుకొనగలడు.

ఈ విషయమును గ్రహించుటకు హైదరాబాదు నగరములోని అడిక్‌మెట్ ప్రాంతము చక్కని పాఠశాల వంటిది. రెండు వందల యేండ్లకు పూర్వము ఇది నగరమునకు వెలుపల నున్న పల్లె. ఆ కాలమున అడిక్‌మెట్ ఒక జాగీరు. నిజాము ప్రభువుల ఆస్థానమున ప్రసిద్ధి కెక్కిన కవయిత్రి, నర్తకి మహ్‌లఖా బాయి చందా (1768–1824) దీనిని అనుభవించినది. జాగీరనగా నేమో యెరుగుదురా? ఒక గ్రామముపై ప్రభుత్వమునకు రావలసిన భూమిశిస్తును వసూలు చేసికొని అనుభవించు హక్కు. నాగలి పట్టినవాడు రైతు. నీరు పెట్టినవాడు రైతు. కోత కోసినవాడును రైతే. పంటలో కొంత భాగము మాత్రము శిస్తు రూపమున జాగీరుదారునకు చేరెడిది. రైతునకు అది వ్యయము, జాగీరుదారునకు ఆదాయము. ఒకే గింజ ఒక లెక్కలో వ్యయమై, మరియొక లెక్కలో ఆదాయమగుట ఇచ్చట మనము గమనింపవలసిన మొదటి సంగతి.

కాలము మారినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. దానికి శాశ్వత భవనములు నిర్మించుటకై అడిక్‌మెట్ ప్రాంతమును ఎన్నుకొనిరి. రాతితో నిర్మించిన ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభమయ్యెను. పది యేండ్లకు, 1949లో, హైదరాబాదు రాజ్యమున జాగీర్ల వ్యవస్థ రద్దయినది. శిస్తు వచ్చు నేలపై ఆచార్యులు జీతములకు పాఠములు చెప్పసాగిరి; విద్యార్థులు ఉపకార వేతనములపై చదువసాగిరి. విశ్వవిద్యాలయమునకు చేరువనున్న తార్నాకలోను, దాని పరిసరములలోను పరిశోధన సంస్థలు వెలసినవి. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో ఇచ్చటికి తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయను పేర వెలుగుచున్నది. ఇండ్లు, అంగళ్ళు, ఫలహారపు బండ్లు, ఆటోలు పెరిగినవి. ఒకే రీతి ఆదాయమునకు మారుగా ఇప్పుడు పది రీతుల ఆదాయములు ఇచ్చట కానవచ్చును.

జామై ఉస్మానియా రైలుస్టేషను నుండి తార్నాక కూడలి దాకా నడచి వచ్చిన యెడల ఈ పది రీతులను కన్నులార చూడవచ్చును. చూచుటకు ఇవి అనేకములుగా తోచినను, మూలమున నాలుగే. శ్రమకు వచ్చునది కూలి లేక జీతము. భూమికిని ఇంటికిని వచ్చునది కౌలు లేక అద్దె. అప్పిచ్చిన ధనమునకు వచ్చునది వడ్డీ. పెట్టుబడి పెట్టి, లాభనష్టములకు తానే పూచీపడి వ్యాపారము నడపినవానికి వచ్చునది లాభము. వీనిలో ఒక్కొక్కదానిని లెక్కించు విధము వేరు. వరుసగా చూతము.

అన్నింటిలోను సులభమైనది జీతపు లెక్క. ఒక ఉద్యోగికి మూల వేతనము, కరవు భత్యము, ఇంటి అద్దె భత్యము కలిసి నెలకు 40,000 రూపాయలని యనుకొందము. అందులో నుండి భవిష్యనిధికి 4,000, వృత్తిపన్నుకు 200 రూపాయలు పట్టుకొందురు. చేతికి వచ్చునది 35,800. ఆ ఉద్యోగి ఆదాయమెంత? 35,800 అని చెప్పిన యెడల పొరపాటు. భవిష్యనిధికి పోయిన 4,000 రూపాయలు పోయినవి కావు. అతని పేరనే దాచబడినవి. కావున అవియు ఆదాయమే. జీతపు చీటీలో మొత్తమును చూడవలెను గాని, చేతికి వచ్చినదానిని మాత్రమే చూడరాదు.

దినకూలి లెక్క ఇంత సుఖమైనది కాదు. నగరమున కూలీలు ప్రొద్దుననే అడ్డాపై నిలిచి, పనికి పిలుచువారికొరకు ఎదురుచూతురు. దినమునకు 800 రూపాయల కూలి యనుకొందము. ఎనిమిది వందలను ముప్పదితో గుణించి, నెలకు 24,000 అని చెప్పుట సులభము. కాని నెలలో ప్రతిదినమును పని దొరకదు. వాన కురిసిన నాడు లేదు. జ్వరము వచ్చిన నాడు లేదు. పదునెనిమిది దినములు మాత్రమే పని దొరికినచో వచ్చినది 14,400. పనిచోటికి పోయి వచ్చుటకు దినమునకు 60 రూపాయల చొప్పున 1,080 ఖర్చయినది. మిగిలినది 13,320. దినకూలిని చూచి నెల ఆదాయమును ఊహించువారు ఇట్లే మోసపోవుదురు. పని దినములను లెక్కింపక కూలివాని బ్రతుకును లెక్కింపరాదు.

ఇక వ్యాపారము. తార్నాక వంటి కూడలిలో భార్యాభర్తలిద్దరు ఇడ్లీ, దోసెల బండి నడుపుచున్నారని యనుకొందము. దినమునకు 3,500 రూపాయల అమ్మకము. చూచువారు “ఆహా! నెలకు లక్ష రూపాయలు!” అని ఆశ్చర్యపడుదురు. లెక్క వ్రాసి చూతము. బియ్యము, మినపపప్పు, రవ్వ, నూనె, పచ్చడి దినుసులకు 1,500, వంటగ్యాసుకు 250, విస్తరాకులకు, నీటికి 100, సహాయకునకు కూలి 500. మొత్తము 2,350. మిగిలినది దినమునకు 1,150. నెలకు ఇరువదియారు దినములు బండి నడచినచో 29,900.

లెక్క ఇంకను ముగియలేదు. బండి, పొయ్యి, పాత్రలు 48,000 రూపాయలకు కొనిరి. అవి నాలుగేండ్లు మన్నునని యనుకొందము. ఆ తరువాత మరల కొనవలెను గదా! కావున ఆ వెలను నలువది యెనిమిది నెలలకు పంచి, నెలకు 1,000 రూపాయలు అరుగుదల క్రింద తీసివేయవలెను. బండి కొనుటకు చేసిన అప్పుపై నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున 480 రూపాయలు. ఇవి రెండును పోగా మిగిలినది 28,420. అప్పులో అసలు తీర్చుటను మాత్రము మరల వ్యయముగా వ్రాయరాదు. బండి వెలను అరుగుదల రూపమున ఇదివరకే లెక్కించితిమి గదా! నెలకు 91,000 రూపాయల రాబడిలో ఆదాయము 28,420 మాత్రమే.

ఇందులో వ్యాపార లాభమెంత? ఆ దంపతులు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి పిండి కలుపుదురు. చీకటి పడిన పిదప మరునాటికి పప్పు నానబోయుదురు. వారిద్దరును వేరొకచోట దినమునకు 500 రూపాయల కూలికి పోయినచో, ఇరువదియారు దినములకు 26,000 వచ్చియుండెడిది. దానిని తీసివేసినచో అసలు లాభము 2,420 రూపాయలు. మిగిలినదంతయు వారి రెక్కల కష్టమునకు వచ్చిన కూలియే. బయటివారికి లక్ష రూపాయలుగా కనిపించిన బండి, లోపలివారికి రెండు వేల చిల్లర లాభము. అందుచేతనే చిన్న వ్యాపారి తన శ్రమను కూడ లెక్కలో వ్రాసికొనవలెనని పెద్దలు చెప్పుదురు. వ్రాసికొననిచో, లాభమనుకొని వెల తగ్గించి, తుదకు తన కూలిని తానే పోగొట్టుకొనును.

అద్దె, వడ్డీ అనునవి కూర్చుండియున్నను వచ్చునట్లు తోచును. కాని అద్దెలో నుండియు ఇంటిపన్ను, సున్నము, మరమ్మతులు పోవలెను. ఇల్లు ఖాళీగా నున్న నెలలును పోవలెను. ఆదాయపు పన్ను లెక్కలో అద్దె నుండి ఇంటిపన్ను పోగా మిగిలినదానిలో నూటికి ముప్పది వంతులను ఇట్టి ఖర్చులకై మినహాయింతురు. వడ్డీ లెక్క మీరు గణితమున నేర్చినదే: 50,000 రూపాయలకు నూటికి ఏడు చొప్పున ఏడాదికి 3,500. ఆ సంవత్సరమున వస్తువుల ధరలు కూడ నూటికి ఏడు పెరిగినచో, ఆ సొమ్ముతో కొనగలిగిన సరకు పెరుగనే లేదు. అంకె పెరిగినంత మాత్రమున సంపద పెరుగదు.

మరియొక పొరపాటును గూర్చి జాగ్రత్త పడవలెను. బ్యాంకులో అప్పు తెచ్చిన లక్ష రూపాయలు రాబడియే. ఆదాయము కాదు, తిరిగి తీర్చవలెను గనుక. తాతగారి యెకరము అమ్మగా వచ్చిన సొమ్మును ఏడాది ఆదాయముగా భావించి ఖర్చుచేయుట అంతకంటె ప్రమాదకరము. అది చెట్టును నరికి వంటచెరకు చేసికొనుట వంటిది. పండ్లు కోసికొనుట కాదు. “కూర్చుండి తిన్న కొండలైనను తరుగును” అను సామెత ఇట్టివారిని చూచియే పుట్టినది. మూలధనము చెక్కుచెదరక మిగిలినదే నిజమైన ఆదాయము.

విశ్వవిద్యాలయ వసతిగృహములలో చదువుకొనువారిలో రైతుబిడ్డలు ఎందరో కలరు. వారి తండ్రుల ఆదాయమును లెక్కించుట అన్నింటికంటెను కష్టము. పంటల మద్దతు ధరలను సిఫారసు చేయుటకై కేంద్ర ప్రభుత్వము 1965లో ఒక సంఘమును నెలకొల్పెను. 1985 నుండి అది వ్యవసాయ వ్యయ ధరల సంఘమను పేర పని చేయుచున్నది. ఆ సంఘమువారు సాగు ఖర్చును మెట్లు మెట్లుగా లెక్కింతురు. విత్తనములు, ఎరువులు, కూలి, యంత్రముల అద్దె మొదలగువానికి రైతు చేతి నుండి పోయినది మొదటి మెట్టు. ఇంటివారు పొలమున చేసిన పనికి కట్టిన విలువను చేర్చినది రెండవ మెట్టు. సొంత భూమికి రావలసిన కౌలును, సొంత పెట్టుబడికి రావలసిన వడ్డీని కూడ చేర్చినది పై మెట్టు.

ఒక యెకరమున 50,000 రూపాయల విలువ గల ధాన్యము పండినదనుకొందము. చేతి ఖర్చు 28,000 పోగా 22,000 మిగిలెను. ఇంటివారి కష్టమునకు 10,000 తీసివేసినచో 12,000. సొంత భూమి కౌలునకును, పెట్టుబడిపై వడ్డీకిని 12,000 తీసివేసినచో మిగిలినది సున్న. రైతునకు ఇరువదిరెండు వేలు మిగిలినవను మాటయు నిజమే. ఏమియు మిగులలేదను మాటయు నిజమే. ఏ మెట్టుపై నిలిచి మాటలాడుచున్నామో ముందుగా చెప్పవలెను. చెప్పకయే వాదించువారి వాదము ఎన్నటికిని తెగదు. అమ్మక ఇంటి గాదెలో పోసికొన్న ధాన్యమునకు రైతు చేతికి రూపాయి రాలేదు. అయినను అది ఆదాయమే. ఆ ధాన్యమే లేనిచో బియ్యము కొనవలసివచ్చెడిది గదా!

ఇట్లు చేతికి రూపాయి రాని శ్రమ మరియొకటి కలదు. అది మన తల్లులది. వంట, ఇల్లు ఊడ్చుట, బట్టలుతుకుట, పిల్లల పోషణ, రోగుల సేవ ఏ జీతపు చీటీలోను కనిపింపవు. 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారము, జీతము లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనికి వెచ్చించిరి. ఈ పనులనే జీతమునకు ఇతరులు చేసినచో దేశపు ఆదాయమున చేరును. తల్లి చేసినచో చేరదు. లెక్కలో లేనిది లేనిదే యగునా? ఆలోచింపుడు.

విద్యార్థులారా! ఈ లెక్కలు పెద్దలకే గాని మాకెందుకని యనుకొనకుడు. ఎనిమిదవ తరగతి చదువు పేద విద్యార్థులకై కేంద్ర ప్రభుత్వము 2008 నుండి ఒక ఉపకార వేతనమును నడుపుచున్నది. ప్రభుత్వ పాఠశాలలలోను, స్థానిక సంస్థల పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను చదువువారు పరీక్ష వ్రాసి నెగ్గినచో, తొమ్మిదవ తరగతి నుండి పండ్రెండవ తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు లభించును. కాని ఒక నియమము కలదు. తల్లిదండ్రులకు అన్ని మార్గముల నుండి వచ్చు వార్షికాదాయము 3,50,000 రూపాయలకు మించరాదు.

ఇప్పుడు ఆ ఇడ్లీబండి దంపతుల బిడ్డ ఈ పరీక్షకు కూర్చుండదలచెనని యనుకొందము. అమ్మకమునే ఆదాయమని వ్రాసినచో ఏడాదికి 10,92,000 రూపాయలు, వేతనము దక్కదు. సరిగా లెక్కించినచో 28,420 రూపాయలను పండ్రెండుతో గుణింపగా 3,41,040, బిడ్డ అర్హుడు. లెక్క తెలియకపోవుటచే నాలుగేండ్ల వేతనము, అనగా 48,000 రూపాయలు, కోల్పోవుట ఎంత కష్టము! అయితే ఆ దంపతులకు ఊరిలో ఒక చిన్న యిల్లు కలదనియు, ఖర్చులు పోగా నెలకు 1,500 రూపాయల అద్దె వచ్చుచున్నదనియు అనుకొందము. ఏడాదికి 18,000. మొత్తము 3,59,040. బిడ్డకు అర్హత లేదు. అద్దెను దాచిపెట్టినచో ఎవరును చూడకపోవచ్చును. కాని ఆ వేతనము అంతకంటె బీదవాని బిడ్డకు చెందవలసినది. సరియైన లెక్క కొన్నిసారులు మనకు మేలు చేయును; కొన్నిసారులు మనలను ప్రక్కకు తొలగుమనును. రెండు వేళలయందును దానిని అంగీకరించుటయే నిజాయితి.

మీ కుటుంబపు వార్షికాదాయమును లెక్కించునపుడు ఈ క్రమమును పాటింపుడు. మొదట ఇంటిలో సంపాదించు తల్లిదండ్రుల పేర్లు వ్రాసి, ఒక్కొక్కరికి ఏయే మార్గముల నుండి సొమ్ము వచ్చుచున్నదో వ్రాయుడు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము ఆదాయమును జీతము, ఇంటి అద్దె, వ్యాపారము లేక వృత్తి, ఆస్తి అమ్మకము వలని లాభము, ఇతర మార్గములు అని ఐదు పద్దులుగా విభజించెను. 2025లో వచ్చిన క్రొత్త చట్టమును ఆ విభజననే నిలుపుకొనెను. ఈ ఐదింటికిని సేద్యమును చేర్చుకొన్నచో ఏ మార్గమును మరచిపోము. పిమ్మట ఒక్కొక్క మార్గమున రాబడినుండి, ఆ రాబడి కొరకు చేసిన ఖర్చును తీసివేయుడు. తినుటకును, కట్టుటకును, పెండ్లికిని చేసిన ఖర్చులను తీసివేయరాదు. అవి ఆదాయమును అనుభవించుటకు చేసినవి గాని సంపాదించుటకు చేసినవి కావు. చివరకు ఒక్క నెలను కాక, పండ్రెండు నెలలను కలిపి చూడుడు.

ఇంటికి లెక్క యున్నట్లే దేశమునకును కలదు. మన దేశీయుల ఆదాయమును మొట్టమొదట లెక్కించి చూపినవారు దాదాభాయి నౌరోజీ. 1876లో ఆయన ప్రకటించిన లెక్క ప్రకారము భారతీయుని సగటు వార్షికాదాయము సుమారు 20 రూపాయలు. చెరసాలలో ఖైదీ కూటికిని గుడ్డకును అగు ఖర్చుతో దానిని పోల్చి, దేశ ప్రజల దైన్యమును లోకమునకు వెల్లడించిరి. ఆయుధము పట్టక, కేవలము కూడికలు తీసివేతలతో పరప్రభుత్వమును నిలదీసిన మహనీయుడు ఆయన. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1949లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ అధ్యక్షతన జాతీయాదాయ సంఘము ఏర్పడి, ఈ లెక్కకు గట్టి పునాది వేసెను.

సగటు అను మాటను మాత్రము మెలకువతో వాడవలెను. జాగీరుల కాలమున ఒక జాగీరుదారుని ఆదాయమును, వంద మంది రైతుల ఆదాయమును కలిపి నూటయొకటితో భాగించినచో చూచుటకు ముచ్చటైన అంకె వచ్చియుండెడిది. ఆ అంకెలో రైతు ఆకలి కనిపించెడిది కాదు. సగటు ఎంతయని యడిగిన తరువాత, అది ఎవరికెంత చేరినదని కూడ అడుగవలెను.

నేడు ఆ నేలపై జాగీరు లేదు. రైలు దిగి పనికి పోవు కూలీ, తరగతికి పోవు ఆచార్యుడు, పొయ్యి వెలిగించు బండివాడు, ఎవరి కష్టమునకు వారు లెక్క చూచుకొనవచ్చును. ఒక చిన్న పుస్తకము, ఒక పెన్సిలు, అబద్ధమాడని మనస్సు, ఈ మూడును దానికి చాలును. ఈ ఆదివారమున మీ తల్లిదండ్రుల యొద్ద కూర్చుండి, ఒక్క నెల లెక్క వ్రాసి చూడుడు. మీరు తినుచున్న అన్నము వెనుక ఎన్ని దినముల శ్రమ యున్నదో అప్పుడు మీకు తెలియును.